మోచెయ్యీ బాణమూ

మిషను గది

వదినగారికి,

నమస్కారాలు. ఇక్కడంతా క్షేమం, మీరు క్షేమమా అని అడగను. వారంలో అయిదు రోజులు ట్యాబ్‌లో మీ మొహం చూస్తూనే ఉన్నాను. దిట్టంగా ఉన్నారు.

మనిద్దరం ఇక ఫోనులో మాట్లాడుకోకూడదని మీ తమ్ముడు డ్యూటీకి ఓడెక్కే ముందు ఇద్దరి చేతా ఒట్టు వేయించుకున్నారు. అందుకే ఈ ఉత్తరం. ఆ రోజు మనం స్పీకరులో అరుచుకుంటుంటే మా పిల్ల తుమ్మెద వెళ్ళి తలుపు అంచుకేసి నుదురు కొట్టుకుంది, కుట్లు పడ్డాయి. ఆ మచ్చ నాకూ కనిపిస్తుంది, తెరమీద మీకూ కనిపిస్తుంది. కాబట్టి క్లాసులో ఎప్పటిలాగే పెదాలు సాగదీసి నవ్వుకుందాం. తిట్టుకోవలసినవి కాగితం మీద తిట్టుకుందాం. కాగితానికి చప్పుడు ఉండదు.

మీరు ఆయనకి పంపిన మాటలు ఆయన నాకు ఫోనులో చదివి వినిపించారు. "తల్లి పక్కన ఉన్నంతకాలం ఈ పిల్ల సొంతంగా ఏదీ చెయ్యదు. మా స్కూలు హాస్టల్లో చేర్పించు, నా కళ్ళెదుట ఉంటుంది" అన్నారట. పదేళ్ళొచ్చినా నోట మాట లేని పిల్ల, ఆకలేసినా నిద్రొచ్చినా ఒకే రాగంలో తుమ్మెదలా రొద పెట్టే పిల్ల. ఏ రొద దేనికో నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ పిల్లని పెట్టె సర్ది మీ ఊరు పంపాలా? ఈ మాట రాసేటప్పుడు మీకు చెయ్యి ఎలా వచ్చింది?

ఆయన మీ మాట జవదాటరు. "అక్క ఇన్నేళ్ళుగా ఇలాంటి పిల్లలకే చదువు చెబుతోంది, తనకి తెలియదా" అన్నారు. తెలుసు పాపం. అందుకే కాబోలు క్లాసు మొదలుపెట్టగానే మీ మొహం చూసి తుమ్మెద ఏడుపు అందుకుంటుంది. రోజూ అంతే. నేను వీపు నిమిరి, నిమిరి దారికి తెచ్చాక గానీ మీ పాఠం సాగదు. తెరమీదే మిమ్మల్ని చూసి ఏడ్చే పిల్లని మీ కళ్ళెదుట పెట్టుకుని ఏం బాగు చేస్తారు?

నా బిడ్డని ఎక్కడికీ పంపను. ఇది మీ తమ్ముడికి కాదు, మీకు చెబుతున్నాను.

మీ మరదలు

*

స్కూలు స్టాఫ్ రూము

మరదలికి,

నీ ఉత్తరం చేరింది. కవరు మీద "టీచరు" అన్న మాట కింద గీత గీశావు, ఎందుకో అర్థమైంది.

ఈ స్టాఫ్ రూములో ఒక మూల బీరువా అడ్డం పెట్టి నాకు ఆన్‌లైన్ గది అని ఇచ్చారు. అటు కిటికీ లేదు. నువ్వు లైను కలిపేదాకా వెనక టేబుల్ ఫ్యాను వేసుకుంటాను. పాఠం మొదలవగానే కట్టేస్తాను, మైకులో హోరు పడితే పిల్లలకి మాట వినబడదని. చెమటలు కక్కుకుంటూ నీ కూతురికి కప్పు, బంతి, చెప్పు, దువ్వెన చూపిస్తున్నాను. నువ్వేమో నా మొహం గురించి రాస్తావు.

ఇక నీ సంగతి. తెరమీద నాలుగు బొమ్మలు పెట్టి "బంతి ఏది" అంటాను. తుమ్మెద వేలు పెడుతుంది. వేలు పెట్టిన చోట నా వైపు ఒక చుక్క పడుతుంది. ఈ మధ్య ప్రతిసారీ సరైన బొమ్మ మీదే పడుతోంది. తల్లిగా నువ్వు మురిసిపోవచ్చు. నేను మాత్రం ఆ చుక్కని కాదు, భుజాన్ని చూస్తున్నాను. నువ్వు ట్యాబ్‌ని ఎలా పెడతావంటే తుమ్మెద మొహం, భుజాలు, ఒక చెయ్యి తప్ప ఇంకేమీ కనబడదు. నువ్వు కనబడవు. కానీ ప్రతి జవాబుకి ముందు దాని కుడి భుజం సన్నగా కదులుతుంది. కుడి వైపు బొమ్మ అయితే ఒకలా, ఎడమ అయితే ఇంకోలా. బల్ల కింద నీ మోచెయ్యి దాని మోచేతిని తోస్తోంది. కాదంటావా?

నేను ఆ మాట క్లాసులో అడగలేదు. దాని ముందు గొంతు లేపకూడదని నాకూ తెలుసు. కానీ ఇలా తోసి తోసి నువ్వు దానికి ఏం నేర్పుతున్నావు? అమ్మ తొయ్యనిదే వేలు కదపకూడదని. అందుకే హాస్టల్ అన్నాను. పగతో కాదు. నువ్వు పక్కన లేని చోట అది ఏం చేస్తుందో ఒక్కసారైనా చూడాలి.

నీ ఆడపడుచు

*

మిషను గది

వదినగారికి,

మోచెయ్యి అన్నారు. నా గది ఎంతో మీకు తెలుసా? కుట్టు మిషను, దాని పక్కన బల్ల, ఆ రెంటి మధ్య మనిషి ఒద్దికగా దూరితే పట్టేంత సందు. అందులో నేనూ తుమ్మెదా పక్కపక్కన కూర్చుంటాం. నేను గట్టిగా ఊపిరి తీసినా దానికి తగులుతుంది. దానికి మీరు మోసం అని పేరు పెట్టారు.

మీ చదువు మీకు నేర్పినదల్లా ఎదుటివాళ్ళ భుజాలు చూడడమేనా? మొన్న పాఠం అయ్యాక నేను బల్లమీద దారపు కండెలు సర్దుతుంటే తుమ్మెద నా వైపు చూసింది. ఊరికే చూసింది. అంతకుముందు గోడకేసి చూసే పిల్ల, మనుషుల వైపు చూడడం మొదలుపెట్టింది. అది మీ భుజాల లెక్కలో ఎక్కడా రాదు. ఆ మార్పు మీకు కనిపిస్తే ఆయనకి అదే రాయాలి. హాస్టల్ అని ఎందుకు రాశారు?

మా ఇంట్లో అన్నీ మీ మాట ప్రకారమే జరిగాయి. పెళ్ళయిన కొత్తలో ఇల్లు మారమంటే మారాం. డాక్టర్ని మార్చమంటే మార్చాం. స్కూలు లేని ఊళ్ళో ఉన్నారు కాబట్టి ఆన్‌లైన్ పెట్టండి, నేనే చెబుతాను అంటే సరేనన్నాం. నోరెత్తకుండా అన్నింటికీ తల ఊపినందుకు ఇప్పుడు పిల్లని కూడా తెచ్చి ఇచ్చెయ్యాలా?

నా మోచెయ్యి సంగతి మళ్ళీ ఎత్తకండి.

మీ మరదలు

*

స్టాఫ్ రూము

మరదలికి,

ఎత్తక తప్పదు. నెత్తి మీదికి వచ్చి పడింది.

ఆన్‌లైన్ క్లాసుల వల్ల పిల్లలకి నిజంగా మేలు జరుగుతోందా లేదా అని విద్యాశాఖ నుంచి ఒక పరిశీలకురాలు ఇంటింటికీ తిరుగుతోంది. మా లిస్టులో బాగా ముందుకు వెళ్తున్న పిల్ల అని తుమ్మెద పేరు పైన ఉంది. ఆ పైన పెట్టింది నేనే. వచ్చే నెలలో ఆవిడ మీ ఇంటికి వచ్చి, నీ మిషను పక్కనే కూర్చుని క్లాసు చూస్తుంది. ఎప్పటిలాగే నేను తెరమీద ఉంటాను. చూశాక ఈ పిల్ల ఇంట్లోనే చదవచ్చా, హాస్టల్ స్కూలుకి రావాలా అన్నది ఆవిడే తేలుస్తుంది. తమ్ముడితో మాట్లాడాను. "ఆవిడ ఏం చెబితే అది, అక్కా. మీ ఇద్దరి మధ్యా నలగలేను" అన్నాడు.

ఇప్పుడు చెబుతున్నాను విను. నీ మోచెయ్యి నాకు చాలాకాలంగా తెలుసు. తెలిసీ ప్రతి వారం "మంచి ప్రగతి" అని రాసి సంతకం పెట్టాను. ఎందుకంటావా? మంచి ఫలితాలు చూపించకపోతే ఈ ఆన్‌లైన్ విభాగమే ఎత్తేస్తామన్నారు. స్కూలు లేని ఊళ్ళలో ఉన్న ఇంకొందరు పిల్లలు నా మీద ఆధారపడి ఉన్నారు. నీ మోసం కింద నా సంతకం ఉంది. ఆవిడ నీ పక్కనే కూర్చుంటే బల్ల కింద ఏం జరుగుతోందో చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. అప్పుడు నువ్వూ మునుగుతావు, నేనూ మునుగుతాను.

రేపటి నుంచి రెండు చేతులూ బల్లమీద పెట్టుకో. నాకు కనబడాలి.

నీ ఆడపడుచు

*

మిషను గది

టీచరుగారికి,

ఇకమీద ఇలాగే పిలుస్తాను. వదిన అయితే ఇలాంటి ఉత్తరం రాయదు.

తెలిసీ సంతకం పెట్టారన్నమాట. ఎంత బాగుంది. మీరు చేస్తే పిల్లల మేలు కోసం, నేను చేస్తే మోసం. సరే, మోచెయ్యి నాదే. తోశాను. రోజూ తోశాను. తప్పు జవాబు పడితే మీరు ఆయనకి ఏం రాస్తారో అని భయపడి తోశాను. నా బిడ్డని తీసుకుపోతారేమోనని తోశాను. ఇప్పుడు మీకు తృప్తిగా ఉందా?

ఇక మీ సంగతి చెబుతాను. వినండి, ఇది నేను చాలా రోజులుగా మనసులో పెట్టుకున్నది.

ఆ మధ్య ఒకసారి మీ వైపు నెట్ తెగి తెర బిగుసుకుపోయింది, గుర్తుందా? మీరు "దువ్వెన ఏది" అన్నారు, అక్కడితో మీ మొహం ఆగిపోయింది. మాట వచ్చింది గానీ మీ బాణం ఇంకా ముందు ప్రశ్న జవాబు దగ్గరే, చెప్పు బొమ్మ మీదే ఉండిపోయింది. మౌసు బాణం, ఆ తెల్లది. నేను దువ్వెన వైపు తోశాను. తుమ్మెద నా మోచేతిని విదిలించుకుని చెప్పు మీద వేలు పెట్టింది. మళ్ళీ తోశాను. మళ్ళీ చెప్పు మీదే పెట్టింది. అప్పుడు నాకు తట్టింది. ఆ మర్నాటి నుంచి కనిపెట్టి చూశాను. మీరు ప్రశ్న అడిగే ముందే బాణం తీసుకెళ్ళి జవాబు మీద పెట్టుకుని కూర్చుంటారు. ప్రతిసారీ. అది మా తెరమీద కనబడుతుంది. తుమ్మెదకి నా మోచెయ్యి అక్కర్లేదు. అది మీ బాణాన్ని చూసి జవాబు చెబుతోంది.

ఇన్నేళ్ళ అనుభవం. జవాబు చూపిస్తూ ప్రశ్న అడిగే టీచర్ని మిమ్మల్నే చూశాను.

ఈ మాట అప్పుడే ఎందుకు చెప్పలేదో అడగకండి. మీకు అర్థం కాకపోతే మీ సంతకాన్నే అడగండి.

విద్యార్థిని తల్లి

*

స్టాఫ్ రూము, బీరువా వెనక

విద్యార్థిని తల్లిగారికి,

నీ ఉత్తరం చదివి చించి పారేశాను. తరవాత ముక్కలు ఏరుకుని మళ్ళీ చదివాను.

క్లాసుల రికార్డింగులు మా దగ్గర ఉంటాయి. మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళాక తలుపు దగ్గరికి లాక్కుని చూశాను. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. నువ్వు రాసింది నిజం. జవాబు పడగానే పిల్లకి మెరిసే నక్షత్రం ఇవ్వాలి, జవాబుకీ మెచ్చుకోలుకీ మధ్య ఆలస్యం ఉండకూడదు అని మాకు మొట్టమొదట నేర్పేది అదే. క్లాసు గదిలో అయితే నక్షత్రం అట్ట ఒళ్ళో దాచుకుని కూర్చుంటాం. తెరమీద దాచుకునే ఒడి లేదని నాకు తోచలేదు. ఇక్కడ జవాబు బొమ్మ మీద నేను నొక్కితేనే నక్షత్రం మెరుస్తుంది, ఆలస్యం కాకూడదని బాణాన్ని ముందే తీసుకెళ్ళి దాని మీద పెట్టుకున్నాను. మిగతా పిల్లల క్లాసుల్లోనూ ఇదే చేశాను. వాళ్ళ నివేదికలూ ఇంతే అయి ఉంటాయి. ఇప్పుడు నీకు తృప్తిగా ఉందా అని నేనూ అడగగలను.

నీ మీద కోపం తగ్గిందనుకోకు. నువ్వు ఇది ముందే చెప్పి ఉంటే ఇన్ని వారాలు వృథా అయ్యేవి కావు. నీ భయానికి నువ్వు దాచావు, నా భయానికి నేను దాచాను. మధ్యలో తుమ్మెదకి అసలు ఏమైనా వచ్చో రాదో ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు.

శుక్రవారం క్లాసులో తేల్చుకుందాం. నువ్వు రెండు చేతులూ నెత్తిమీద పెట్టుకుని నాకు కనబడేలా వెనక నిలబడు. నేను బాణాన్ని తెర మూలకి తీసుకెళ్ళి మౌసు మీద నుంచి చెయ్యి తీసేస్తాను. ఎక్కడికీ చూడకుండా కళ్ళు మూసుకుని అడుగుతాను.

టీచరు

*

మిషను గది

వదినా,

శుక్రవారం ఏం జరిగిందో మీరు కళ్ళు మూసుకుని ఉన్నారు కాబట్టి చూడలేదు. నేను చూశాను.

మీరు "కప్పు ఏది" అన్నారు. అది తెర చూసింది. బాణం కోసం వెతికింది. లేదు. నా వైపు తిరిగింది. నేను నేరం చేసి పట్టుబడినదానిలా చేతులు నెత్తిన పెట్టుకుని నిలబడ్డాను. నా మోచేతి వైపు చూసింది. మళ్ళీ తెర వైపు చూసింది. "బంతి ఏది" అన్నారు. వేలు పైకి లేపి, గాల్లోనే ఆపి, దించేసింది. ఆ తరవాత మీరు ఎన్ని అడిగినా వేలు లేవలేదు. రొద మొదలుపెట్టి, నుదురు బల్లకి ఆనించి అలాగే ఉండిపోయింది.

ఒక్కటి కూడా రాదు. కప్పు రాదు, బంతి రాదు. తేలిపోయింది. ఇంతకాలం ఇరుగుపొరుగుకి, కుట్టు కోసం వచ్చేవాళ్ళకి, అందరికీ మా అమ్మాయి బొమ్మలు గుర్తుపడుతుందని చెప్పుకున్నాను. నాకు నేను చెప్పుకున్నాను. మోచేత్తో తోస్తూనే నమ్మాను. ఎవరినైనా మోసం చెయ్యొచ్చు కానీ అలా ఎలా నమ్మానో నాకే తెలియడం లేదు.

అప్పటి నుంచి మిషను మీద కూర్చోబుద్ధి కావడం లేదు. తుమ్మెద వచ్చి నేల మీద కూర్చుని మిషను కాళ్ళకి వీపు ఆనించి ఎదురు చూస్తుంది. ఆడించు అన్నట్టు. నాకు చెయ్యి రావడం లేదు.

పరిశీలకురాలు వచ్చి చెప్పేదాకా ఎందుకు? మీకు కావలసింది ఇదేగా. పెట్టె సర్దమంటారా చెప్పండి. దాని దుప్పటి కూడా పెడతాను, అది లేకపోతే పడుకోదు. నీలం గీతలది. ఉతికితే మారాం చేస్తుంది, ఉతకొద్దని మీ ఆయాకి చెప్పండి.

మీ మరదలు

*

స్టాఫ్ రూము

మరదలా,

పెట్టె అటకెక్కించు. ఏడుపు ఆపి ఈ ఉత్తరం నిదానంగా చదువు.

నీ ఉత్తరంలో ఒక మాట రాశావు. "బాణం కోసం వెతికింది, నా మోచేతి వైపు చూసింది." ఆ మాట దగ్గర నేను కుర్చీలోంచి లేచాను. తుమ్మెదని మొదటిసారి పరీక్షించిన రోజు వీడియో తీసి చూశాను. నువ్వు దాన్ని ఒళ్ళో పెట్టుకుని మా స్కూలుకి వచ్చిన రోజు. నేను బంతిని చూపించి వేలు పెడితే అది బంతిని చూడలేదు, నా వేలినీ చూడలేదు, నన్నూ చూడలేదు. చప్పట్లు కొట్టాను, చూడలేదు. ఆ రోజు నేను రాసినది: "ఎదుటివారు చూపిన వైపు చూడదు."

ఇప్పుడు చూస్తోంది. గోరంత తెల్ల బాణం ఎటు తిరిగితే అటు చూస్తోంది. నీ మోచెయ్యి ఏం చెబుతోందో, నా బాణం ఏం చెబుతోందో రెండూ తెలుసుకుని, తేడా వస్తే ఎవరిని నమ్మాలో కూడా తేల్చుకుంది. నన్నే నమ్మింది, అది నువ్వే రాశావు, నేను మరిచిపోను. మనుషులు చూపించేది చూడడం ఏడాది నిండని పసివాళ్ళకి వచ్చేస్తుంది, అందుకే ఎవరూ దాన్ని చదువు అనరు. మన పిల్లకి పదేళ్ళకి వచ్చింది. మా చదువంతా నిలబడేది దాని మీదే. అది మనం నేర్పలేదు. ఇద్దరం దొంగతనంగా చేస్తున్నదాన్ని చూసి నేర్చుకుంది.

అయితే నువ్వు గెలిచావని ఎగరకు. అది ఇంకా ఇతరులు చూపించేదే చూస్తోంది. తనంతట తాను ఎవరికైనా, ఏదైనా, ఒక్కసారి చూపించిందా? ఇది కావాలి, ఇది వద్దు అని? ఏ రొద దేనికో నీకు తెలుసంటావు. అది చెప్పకముందే నువ్వు తెచ్చి నోట్లో పెడతావు కాబట్టి దానికి చెప్పే పని పడలేదు. పరిశీలకురాలు చూసేది బొమ్మలు కాదు, ఇదే. ఇది లేకపోతే హాస్టలే. నేనూ ఆవిడతో అదే అంటాను.

ఆవిడకి జరిగింది జరిగినట్టు చెప్పేద్దాం. మోచెయ్యీ, బాణమూ రెండూ. దాచడానికి ఇంకేం మిగల్లేదు.

మిషను ఆడించు. పిల్ల ఎదురు చూస్తోందని రాశావు కదా.

నీ ఆడపడుచు

*

మిషను గది

వదినగారికి,

మీ తెర ముందు జరిగినది సగమే మీకు తెలుసు. మిగతా సగం నేను రాస్తాను. చదివి మండిపడండి, నాకేం.

పరిశీలకురాలు వచ్చింది. భారీ మనిషి, భుజాన పెద్ద సంచి. మంచినీళ్ళు తాగి, కొలతలు ఇవ్వడానికి వచ్చేవాళ్ళు కూర్చునే స్టూలు మీద కూర్చుంది. మీరు తెరమీదికి వచ్చారు. మొదలవగానే తుమ్మెద మామూలుగా ఏడ్చింది, సర్దుకుంది. అప్పుడు మీరు ఏమన్నారు? "ముందుగా ఒక నిజం చెప్పాలండీ. ఈ పిల్లకి వాళ్ళమ్మ మోచేత్తో జవాబులు అందిస్తోంది" అన్నారు. రెండూ చెబుదామని రాసి, మొదట నా మోచెయ్యే చెప్పారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ముందు మీ బాణం సంగతి చెప్పండి" అన్నాను. "వస్తున్నానుగా, మాట పూర్తి చెయ్యనీ" అన్నారు. "మీరు ఎప్పుడు ఎవరిని పూర్తి చెయ్యనిచ్చారు" అన్నాను. "చూశారా, ఇదీ దీని వరస" అని మీరు ఆవిడతో అన్నారు. ఇక మన గొంతులు ఎక్కడికి వెళ్ళాయో మీకు తెలుసు. ఇన్ని నెలలు కాగితం మీద దాచుకున్నది మొత్తం నోట్లోకి వచ్చింది.

మధ్యలో నాకు తలుపు అంచు గుర్తొచ్చింది. తుమ్మెద కుర్చీలో లేదు.

తలుపు దగ్గరా లేదు. బల్లకి ఇటు వైపు వచ్చి నిలబడి ఉంది. మన ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ట్యాబ్ మూల సౌండు గుర్తు మీద వేలు పెట్టి మీ గొంతు కట్టేసింది. నేను అలా చెయ్యడం ఎప్పుడు చూసిందో, నేను ఏ రోజూ నేర్పలేదు. తరవాత నా ముందుకు వచ్చి అరచెయ్యి నా నోటి మీద పెట్టింది. చెమటగా ఉంది, నేను బట్ట మీద గుర్తులు పెట్టే సుద్ద వాసన వేస్తోంది. నేను కదిలితే ఇంకా గట్టిగా అదిమింది.

మీరు ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు. చేతులు తిప్పుతూ, కళ్ళజోడు సర్దుకుంటూ, వేలు ఊపుతూ చాలాసేపు మాట్లాడారు. ఒక్క ముక్క మాకు వినబడలేదు. మీకు చెబుదామని నాకూ అనిపించలేదు, ఆవిడకీ అనిపించలేదు.

ఆవిడ స్టూలు ముందుకి జరుపుకుని తుమ్మెదని చూస్తూ నాతో అంది: "కప్పు, బంతి వచ్చో రాదో నాకు తెలీదమ్మా. వద్దు అనడం మాత్రం బాగా వచ్చు. ఎవరూ తొయ్యలేదు, ఎవరూ చూపించలేదు. ఇది నాకు చాలు." సంచిలోంచి కాగితాలు తీసి, "ఇంట్లోనే ఉండనివ్వండి. ఈ ఏడాదికి ఇక్కడే, ఇదే క్లాసు" అంది. నేను ఆవిడ చేతులు పట్టుకున్నాను. మాట రాలేదు, తుమ్మెద చెయ్యి ఇంకా నా నోటి మీదే ఉంది.

కానీ షరతులు పెట్టింది. నేను గదిలో ఉండకూడదు, గుమ్మం అవతలే. క్లాసు మొదలయ్యేటప్పుడు సౌండు మూసి ఉండాలి. మీ గొంతు ఆ పిల్ల తనంతట తాను తెరిస్తేనే మా ఇంట్లో వినబడాలి. తెరవకపోతే మీరు ఊరికే కూర్చోవాలి. "ఆ టీచరమ్మకి కాస్త కష్టమే" అని కూడా అంది. నాకు నవ్వొచ్చింది. అబద్ధం ఎందుకు చెప్పాలి.

పెట్టె అటక మీదే ఉంది. పిల్ల నా దగ్గరే ఉంది. మోచెయ్యి ముందు చెప్పినందుకు మిమ్మల్ని క్షమించలేదు.

మీ మరదలు

*

స్టాఫ్ రూము, బీరువా వెనక

తుమ్మెద వాళ్ళమ్మకి,

నేను అంతసేపు మూగదానిలా చేతులు ఊపుతుంటే మీరిద్దరూ తీరిగ్గా చూశారన్నమాట. సరే. దాని సంగతి తరవాత చూసుకుంటాను.

మొదటి రోజు నా గొంతు తెరవలేదు. రెండో రోజూ తెరవలేదు. ఆ వారం మొత్తం నేను కుర్చీలో దిష్టిబొమ్మలా కూర్చున్నాను. అది తెర ముందు కూర్చుని నన్ను చూసింది, పోయింది, మళ్ళీ వచ్చి చూసింది. ట్యాబ్‌ని వెనక్కి జరిపావు కదా, గుమ్మం అవతల నీ చెప్పులు కనబడుతూనే ఉన్నాయి, అటూ ఇటూ తిరగకుండా ఒక చోట నిలబడు. పాఠం లేదు కదా అని ఫ్యాను కట్టడం మానేశాను. ఎవరికి వినబడాలని కట్టడం? తుమ్మెద ఏడవలేదు. నా గొంతు లేదు కాబట్టి ఏడవడం లేదని నువ్వు అనుకుని ఉంటావు. నిజం చెప్పాలంటే నేనూ అలాగే అనుకున్నాను. అది తలుచుకుని ఇంటికి వెళ్ళాక అన్నం సయించలేదు.

ఇవాళ వచ్చి కూర్చుని, మూల వేలు పెట్టి నా గొంతు తెరిచింది. అలవాటు చొప్పున వెనక్కి వంగి ఫ్యాను కట్టాను. మౌసు అందుకున్నాను. అది ఏడుపు అందుకుంది.

నోరు తెరిచాను. ఏం అడగాలో తోచలేదు. ఇన్నాళ్ళూ దాన్ని అడిగినవన్నీ జవాబు నాకు ముందే తెలిసిన ప్రశ్నలు. బాణం ఆడించడానికి వీలైనవి. బొమ్మలన్నీ తీసేశాను. తెరమీద నేనూ, నా వెనక గదీ తప్ప ఏమీ లేవు. మౌసు పక్కకి నెట్టి, "ఏం కావాలే తుమ్మెదా" అన్నాను. జవాబు నాకు తెలియదు. నిజంగా తెలియదు.

ఏడుస్తూనే వేలు పెట్టింది. నా తెరమీద నా భుజం వెనక చుక్క పడింది. పొరపాటున తగిలిందనుకున్నాను. మళ్ళీ అక్కడే పెట్టింది. మళ్ళీ అక్కడే. వెనక్కి తిరిగి చూశాను. టేబుల్ ఫ్యాను.

వేశాను. రెక్కలు తిరిగాయి, హోరు మొదలైంది. ఏడుపు ఆగింది. కాసేపటికి దాని రొద ఆ హోరుతో కలిసింది, ఒకే శ్రుతిలో. అది నీ మిషను కాళ్ళకి వీపు ఆనించుకుని కూర్చునేది కూడా ఆ మోత కోసమేనేమో, చూడు. ప్రతి రోజూ నేను లైనులోకి వచ్చేసరికి ఫ్యాను తిరుగుతూ ఉండేది. పాఠం పేరు చెప్పి దానికి ఇష్టమైనది దాని కళ్ళ ముందే కట్టేసేదాన్ని. అది ఏడిస్తే నువ్వు వీపు నిమిరేదానివి, నేను నక్షత్రం ఇచ్చేదాన్ని.

కాబట్టి నీ మొదటి ఉత్తరంలో రాసిన మాట వెనక్కి తీసుకో. అది ఏడ్చింది నా మొహం చూసి కాదు. ఈ ఒక్కటీ నాకు కాగితం మీద కావాలి, నీ సంతకంతో.

ఇవాళ క్లాసు అయిపోయేదాకా ఫ్యాను కట్టలేదు. ఆ హోరులో నేను చెప్పినది ఒక్క ముక్క కూడా మీ ఇంట్లో వినబడి ఉండదు. అయినా సౌండు తను మళ్ళీ మూయలేదు.

నీ వదిన